పచ్చ సబ్బు తెచ్చిన తగువు

హాలండ్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో వసంతం వచ్చిందంటే ఆడవాళ్ళు ఇంటిమీద యుద్ధం ప్రకటిస్తారు. పరుపులు కిటికీల్లో వేలాడతాయి, గోడలకు కూడా స్నానాలే. హిల్ట్యె ఇల్లు కడిగితే ఆ పచ్చ సబ్బు ఘాటుకి సముద్రపు కాకులు డెన్మార్క్ దాకా తుమ్ముకుంటూ పోతాయని ఊళ్ళో అంటారు. అబద్ధమే. మరీ అంత అబద్ధం కాదు.

ఆ ఘాటులోనే వీబె బతుకుతున్నాడు. భార్య పోయాక ఆమె అక్క హిల్ట్యె ఇల్లు చూసుకుంటానని వచ్చి, ఇంటితోపాటు అతని సంగతీ చూడ్డం మొదలుపెట్టింది. ఇద్దరికీ క్షణం పడదు. అతనికి మిగిలిన తోడల్లా గాజు తొట్టిలోని ఎడారి ఎలుకల జంట, సిప్కె, ఈఫ్కె. మగది సిప్కె, వీబె భార్య అరచేతిలో పెరిగినవాడు. ఈమధ్యే వాటికి వేలి కణుపంత ఎర్రటి పిల్లలు పుట్టాయి.

అతను తమ్ముడి ఊరు వెళ్ళి వారానికి తిరిగొచ్చేసరికి తొట్టి తళతళలాడుతోంది. మూరెడు లోతు చెక్కపొట్టు లేదు, అందులో అవి తవ్విన సొరంగాలు లేవు, కొరికి పీలికలు చేసిన అట్టలు లేవు. కొత్త పొట్టులో ఈఫ్కె పిల్లల్ని పొదువుకుని ఉంది. సిప్కె కిటికీ దగ్గర పాత బిస్కెట్ల డబ్బాలో ఉన్నాడు.

"ఏం చేశావు వదినా?"

"కడిగాను. నీకు ముక్కంటూ ఉంటే నువ్వే కడిగేవాడివి."

"వాణ్ణెందుకు విడదీశావు?"

"మగది పిల్లల్ని తినేస్తుంది. మా అమ్మ కుందేళ్ళకి ఇలాగే చేసేది."

"ఇవి కుందేళ్ళు కావు. పెళ్ళాం తిండికి లేస్తే పిల్లల మీద పడుకుని వెచ్చబెట్టేవాడు వీడు. వీటి చుట్టరికమంతా వాసనలో ఉంటుంది. దాన్ని తీసికెళ్ళి కాలవలో పోశావు. ఇప్పుడు ఈఫ్కెకి వీడెవడో దొంగ."

"సొంత మొగుణ్ణి గుర్తుపట్టని పెళ్ళాం ఉంటుందా మరిదీ? చూడు."

అతను అడ్డుపడేలోగా ఆమె సిప్కెని తొట్టిలో దించేసింది.

ఈఫ్కె ఒక్కసారి వాసన చూసింది. వెనక కాళ్ళతో నేలను దడదడ కొట్టింది. అంతే, రెండూ ఒకే బంతై పొట్టులో దొర్లాయి. వీబె పొయ్యి దగ్గరి మందపాటి చేతితొడుగు వేసుకుని చెయ్యి పెట్టి వాణ్ణి లాగాడు. తోక మొదట్లో నెత్తురు.

"గుర్తుపట్టింది" అన్నాడు. "కళ్ళారా చూశావుగా."

హిల్ట్యె చేతులు కడుక్కుంది, పచ్చ సబ్బుతోనే.

వాణ్ణి కాపాడాలంటే ఒకటే దారి. తొట్టి నడిమిన జాలీ పెట్టాలి. రోజూ ఈఫ్కె పక్క పొట్టు పిడికెడు వీడి పక్క, వీడిది దాని పక్క వెయ్యాలి. ఎవరి వాసన ఏదో తెలియనంతగా కలిసేదాకా కడగకూడదు. ఇంట్లో ఉన్న జాలీ ఒక్కటే, హిల్ట్యె చీజ్ మీద ఈగలు వాలకుండా బోర్లించే తీగల మూత, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వీబె దాన్ని సుత్తితో చదును చేశాడు.

"అది మా అమ్మది" అంది ఆమె, సుత్తి ఆగాక.

"మీ అమ్మ కుందేళ్ళ పుణ్యమే ఇదంతా."

ఆనాటి నుంచి కాఫీతో ఇచ్చే ఒక్క బిస్కెట్ కూడా బందైంది. అతను చెయ్యి చాపేలోగా డబ్బా మూత టక్కున పడేది. చర్చి ఆడవాళ్ళు కాఫీకి వచ్చి ముక్కులు ఎగబీల్చినప్పుడు హిల్ట్యె వాళ్ళకి వినబడేలా, "మా మరిది స్నానం మానేశాడు" అని చెప్పింది. వీబె కాదనలేదు. కాదంటే తొట్టి కడగమంటారు.

పిల్లలకు బొచ్చు వచ్చి కళ్ళు విచ్చుకునే వేళకి జాలీకి చెరో పక్కా ఒకరినొకరు ఆనుకుని పడుకుంటున్నారు ఆలుమగలు. వీబె చేతితొడుగు వేసుకుని జాలీ ఎత్తాడు. హిల్ట్యె తలుపు దగ్గర నిలబడింది, ఏదో పనున్నట్టు.

ఈఫ్కె వాసన చూసింది. కాలు కొట్టలేదు. సిప్కె ఆమె మూతి నాకి, నేరుగా గూట్లోకి వెళ్ళి పిల్లల మీద పడుకున్నాడు.

"నా మూత ఇటివ్వు" అంది హిల్ట్యె.

ఇచ్చాడు. ఒక మూల సన్నటి తీగల్ని ఎలుకలు కొరికి ఈగ దూరేంత కన్నం చేశాయి. ఆమె దాన్ని మోకాలి మీద వంచి, వంకరగానే గుండ్రం చేసి, చీజ్ మీద బోర్లించింది. తర్వాత పళ్ళేన్ని మెల్లగా తిప్పింది, కన్నం సరిగ్గా వీబె కూర్చునే వైపు వచ్చేదాకా.

"ఈగ వాలిన పక్క నీది" అంది.