మస్తానమ్మ నల్ల జుట్టు

గురజాల దాటి నాగులేరు వైపు పోతుంటే నాపరాళ్ల గని పక్కన ఒక పేట ఉండేది. ఆ పేట ఆడవాళ్లు నీళ్ల దగ్గర చేరారంటే మెచ్చుకోళ్లు తక్కువ, దెప్పుళ్లు ఎక్కువ. అలాంటి వాళ్లు కూడా మస్తానమ్మ జుట్టు గురించి మాత్రం నోరెళ్లబెట్టి చెప్పుకునేవారు. ఆమె యాభై దాటిన మనిషి. గంపలకొద్దీ రాతిముక్కలు నెత్తిన మోసి మోసి మెడ బిగుసుకుపోయిన మనిషి. అయినా ఇంత కొప్పు! అందులో మచ్చుకు ఒక్క తెల్ల వెంట్రుక ఉంటే ఒట్టు.

"ఏం తింటన్నావే నువ్వు?" అని అడిగేవారు.

"మీరు తినేదే, జొన్నసంగటి," అని బిందె ఎత్తుకునేది మస్తానమ్మ.

అబద్ధమేం కాదు. తినేది జొన్నసంగటే. తలకి పట్టించేది వేరు.

అసలు సంగతేమిటంటే, మస్తానమ్మ తల ముప్పై ఏళ్లు రాకముందే ముగ్గుబుట్ట అయిపోయింది. ఒక ఎండాకాలం విషజ్వరం వచ్చి మంచాన పడింది. లేచేసరికి జుట్టు ఊడింది ఊడగా, మళ్లీ వచ్చిందంతా తెల్లగా వచ్చింది. అత్త నరసమ్మకి మాటలో కనికరం తక్కువ. "తలగుడ్డ తీసి బయటికి పోమాకే. నా కొడుక్కి ముసలిదాన్ని అంటగట్టారని పేటంతా నవ్విద్ది," అంది. మస్తానమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు మొగుడు గురవయ్య విన్నాడు. విని ఏమీ అనలేదు. రాయి కొట్టేవాడికి మాటలెక్కడివి?

అమావాస్య నాడు గనిలో పని కట్టేస్తారు. గురవయ్య పొద్దున్నే నాగులేటి ఒడ్డుకి పోయి నీలి ఆకు మోపుకట్టి తెచ్చాడు. దొడ్లో దడి చాటున పెళ్లాన్ని కూర్చోబెట్టి, ఆకు రోట్లో వేసి నూరి, తలంతా మెత్తాడు. పొద్దువాలేసరికి కడిగి చూస్తే ఏముంది! నలుపు లేదు నా బొంద లేదు, తలంతా నెమలి మెడలా పచ్చగా నీలంగా మెరుస్తోంది. మస్తానమ్మ నీళ్ల తొట్టిలో తన మొహం చూసుకుని ముందు ఏడ్చింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. జ్వరం తగ్గాక ఆమె నవ్వడం అదే మొదలు. పార్శ్వపు నొప్పని తలకి గుడ్డ చుట్టుకుని కొన్నాళ్లు తిరిగింది. పాపం, అత్త ఆ నొప్పి నిజమనుకుని శొంఠి పట్టు కూడా వేసింది.

గురవయ్య గురజాలలో బట్టలకి అద్దకం వేసే జిలానీ సాయిబు దగ్గరికి పరిగెత్తాడు. పెళ్లాం తలకని చెప్పడానికి సిగ్గేసి, "మా ఎద్దు తోక తెల్లబడింది సాయిబూ, నల్లగా చేసేదెట్టా?" అని అడిగాడు. ముసలి సాయిబు గడ్డం దువ్వుకుంటూ నవ్వాడు. "ఎద్దు తోకకైనా, బీబీ తలకైనా ఒకటే మందు బేటా. ముందు గోరింట, అది కడిగినాక నీలి. నువ్వు ముందే నీలి పెట్టి ఉంటావు," అన్నాడు.

ఆనాటినుంచి ప్రతి అమావాస్యా అదే పని. ఇనప మూకుడులో నానిన గోరింటాకు ముద్ద ఒకసారి, నీలి ఆకు ముద్ద ఒకసారి. గునపం పట్టి కాయలు కాసిన చేతులు ఆమె తలలో ఎంత మెల్లగా తిరిగేవో! మిగతా నెలంతా రాయిలా ఉండే మనిషి ఆ పూట మాత్రం నోరు విప్పేవాడు. కారెంపూడి తిరనాళ్లలో ఆమెని మొదటిసారి చూసిన సంగతి, చిన్నప్పుడు ఏట్లో మునిగి బతికిన సంగతి, అన్నీ ఆమె వీపు వెనక కూర్చుని చెప్పినవే. కడుపు పండలేదని ఆమె కుమిలిపోయిన రోజుల్లో, "పిల్లలు లేకపోతే మానె, నాకు నువ్వున్నావు గదటే," అన్నదీ అక్కడే. ఎదురుగా ఉంటే ఆ మాట వాడి నోట వచ్చేది కాదు. అత్త పోయింది, దాచాల్సిన అవసరం పోయింది, అయినా ఆ పూట మాత్రం పోలేదు. మస్తానమ్మకి జుట్టు నల్లబడ్డంకన్నా ఆ పూటే కావాలి.

అవి బట్టలు కూడా కార్డు మీద కొలిచి ఇచ్చే కంట్రోలు రోజులు. పక్కింటి రాఘవమ్మ కూతురు యశోదకి పెళ్లి కుదిరింది. రాఘవమ్మ మొగుడు పున్నయ్య, ఆ పిల్ల పాకే వయసులో గనిలో బండ కింద పడి చనిపోయాడు. రాఘవమ్మ పనికి పోతే యశోద మస్తానమ్మ చంకలోనే పెరిగింది. పెళ్లి అమావాస్య వెళ్లిన వారానికి.

ఆ పేటలో ఒక ఆచారముంది. పెళ్లికూతురి తలకి మొదటి నూనె తల నెరిసిన ముత్తైదువ పెట్టాలి. నెత్తిన చెయ్యి ఉంచి, "నా తల నెరిసినట్టు నీ తలా నెరవాలి," అని దీవించాలి. వినడానికి చిన్న ముచ్చటే. కానీ గని పేటలో అలాంటి ముత్తైదువని ఎక్కడ తెస్తారు? కొందరు మగవాళ్లని రాయి మీదపడి తింటుంది, కొందర్ని దుమ్మై గుండెల్లో చేరి తింటుంది. ఆడదాని తల నెరిసేలోపే బొట్టు పోతుంది. ఉన్న ఒక్క కోటమ్మ పోయినేడు కన్నుమూసింది.

రాఘవమ్మ వచ్చి మస్తానమ్మ గడపలో కూలబడింది.

"నా పెళ్లికి తల నెరిసినామె దొరక్క ఎవరో వయసు పిల్ల చేత నూనె పెట్టించారు వదినా. నా బతుకేమైందో చూశావు గదా. నా బిడ్డకట్టా కాకూడదు. దాచేపల్లి కామందు ఇంటి పెద్దామె కాళ్లు పట్టుకున్నా. రాళ్లపేటకి నేనొచ్చేదేందని లోపలికి పోయింది."

"ఊరుకో రాఘవా."

"ఊరుకునేదేంది? పేట మొత్తానికి పెనిమిటితో ఉన్న పెద్దదానివి నువ్వొక్కతివి. నీకేమో ఆ పాడు జుట్టు నెరిసి చావదు!"

మస్తానమ్మకి మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగిందేగానీ ఆ పూట అన్నం సయించలేదు.

అమావాస్య వచ్చింది. గురవయ్య ఈమధ్య దగ్గుతున్నాడు. దగ్గుతూనే ఏటికి పోయి ఆకు తెచ్చాడు, గోరింటాకు నూరాడు. దడి చాటున పీట వేసి, "రావే," అన్నాడు.

మస్తానమ్మ నిలబడే ఉంది. "ఈ తడవ వద్దు మావా. యశోదకి మొదటి నూనె నేను పెడతా."

గురవయ్య చెయ్యి మూకుడులోనే ఆగిపోయింది. "మతి పోయిందటే? నెరిసిన తలతో పదిమందిలోకి పోతావా? ఇన్నేళ్లు మోసం చేసిందని నవ్వుతారు."

"నవ్వనీ."

"మా అమ్మ మాట నెగ్గినట్టయిద్ది."

"ఆమె పోయి ఎన్నేళ్లయింది మావా? ఇంకా ఆమెతో పోట్లాటేంది నీకు?"

గురవయ్యకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక తలెత్తకుండా అన్నాడు. "నవ్వు సంగతి కాదే. ఇది మానేస్తే నీ దగ్గర ఇట్టా కూచునేదెప్పుడు? నాకు నెలకి ఒక్కపూటే గదా ఉంది."

వాడికి కూడా ఆ పూటే కావాలని ఇన్నేళ్లలో మస్తానమ్మకి తెలియదు. ఆ పీట మీద కూలబడి, వాడి మోకాళ్లకి వీపు ఆనించి, తల వాడి చేతుల్లో పెట్టేయాలనిపించింది. కళ్లనీళ్లు జలజలా కారాయి.

"ఆ బిడ్డకి నేనేం పెట్టగలను మావా? బంగారమా, పట్టుచీరా? నా దగ్గరున్నది ఇదొక్కటే," అంది.

గురవయ్య లేచి మూకుడులో ముద్ద తీసుకుపోయి చిక్కుడు పాదులో పోశాడు. చేతులు కడుక్కుని బయటికి పోయాడు. మస్తానమ్మ ఆ సాయంత్రమంతా ఏదో పోగొట్టుకున్నదానిలా ఇంట్లో తచ్చాడింది.

పెళ్లిరోజు పొద్దున రాఘవమ్మ వాకిట్లో పందిరి కింద తడిక కట్టారు. తడిక ఇవతల ముత్తైదువలు. అవతల బొట్టు లేనివాళ్లు. ఆ పేటలో అవతలి వైపే ఎక్కువమంది. కన్నతల్లి అయినా సరే, రాఘవమ్మ కూడా అవతలే నిలబడింది. మొదటి నూనె వాళ్ల కంటపడకూడదట. ఎవరు పెట్టారో ఈ నియమం, వాళ్లని అడగాలి!

మస్తానమ్మ తలమీద కొంగు కప్పుకుని వచ్చింది. యశోద ఎదురుగా నిలబడి కొంగు తీసేసింది. పాపిటకి రెండు వైపులా చింతగింజంత మేర తెల్లగా, వెండిలా ఉంది తల. కిందంతా నలుపు. మధ్యలో ఎర్రగా కుంకం.

ఒక్కసారిగా గోల మొదలైంది.

"ఓసి నీ దుంపతెగ! ఇన్నాళ్లూ మా కళ్లలో దుమ్ము కొట్టావటే!"

"జొన్నసంగటంట, జొన్నసంగటి!"

మస్తానమ్మ మొహం కందిపోయింది. పారిపోదామనిపించింది. అయినా కదల్లేదు. ఒకామె నవ్వాపుకుంటూ అడిగింది. "అదిసరే గానీ, వెనకమాల దాకా రంగెయ్యను నీ చెయ్యి ఎట్టా అందింది? ఎవరేశారే?"

మస్తానమ్మ నేల చూస్తూ చెప్పింది. "మా ఆయన. ప్రతి అమావాస్యా ఆయనే."

నవ్వులు ఆగిపోయాయి. గునపం పట్టే మొగుడు పెళ్లాం తలకి ఆకు నూరి పెట్టడం ఆ పేటలో ఎవరూ ఎరగరు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరి ఇల్లు వాళ్లకి గుర్తొచ్చినట్టుంది.

మస్తానమ్మ గిన్నెలో నూనె తీసుకుని యశోద మాడున పెట్టింది. ఆ పిల్ల ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా అంది. "అత్తా, తల నెరవాలని తర్వాత అందువుగానీ. ముందు నాకట్టాటి చెయ్యి దొరకాలని దీవించు."

పందిరి బయట గురవయ్య దగ్గు వినపడింది. ఆగి ఆగి, లోపలినుంచి వచ్చే దగ్గు. ఆ దగ్గు ఎక్కడికి పోతుందో ఆ పేటలో చెప్పాల్సిన పని లేదు. మస్తానమ్మ చెయ్యి పిల్ల తలమీద ఉంది, మాట మాత్రం రావడం లేదు.

తడిక అవతలినుంచి రాఘవమ్మ గొంతు వచ్చింది.

"వదినా, గట్టిగా అనవే. నాకూ వినపడాలి."

మస్తానమ్మ కళ్లు తుడుచుకుంది. తడిక అవతలి వాళ్లకీ, పందిరి బయట కూర్చున్న ముసలోడికీ వినపడేంత గట్టిగా అంది.

"నీ పెనిమిటి చెయ్యి నీ తలమీద ఉండాలి బిడ్డా. ఆ చేతికిందే నీ తల నెరవాలి."

తడిక అవతల ఆడవాళ్లందరూ, "అట్టాగే జరగాలి," అన్నారు.