చప్పిడి గంజి

"పిల్లకు ఉప్పు తగలనియ్యకు. కడుపు కట్టుకునేదాక చప్పిడి గంజే పొయ్యి," అంది అత్త శంకరవ్వ, కోడలు అనసూర్యతో. ఆ ఇంట్లో పిల్లల విరేచనాలకు తాతల నాటి నుంచీ ఒకటే మందు, పథ్యం. ఉప్పు లేదు, నెయ్యి లేదు, గుడ్డు మాట ఎత్తకూడదు.

నాలుగేళ్ల బాలలక్ష్మికి మాత్రం ఆకలి ఆగదు. పెట్టినదంతా తింటుంది, ఏదీ ఒంటికి పట్టదు. "ఆడిపిల్లకు గింత ఆకలేందే?" అని అత్త. "మగ్గం మీద కూసున్నోనికి లేని గుడ్డు దానికెందుకు?" అని భర్త అంబదాస్. అనసూర్య తెల్లారింది మొదలు కండెలు చుడుతుంది, నూలుకు గంజి పెడుతుంది, అందరికీ వండుతుంది. చిక్కటి గంజి నూలుకు, పల్చటిది బిడ్డకు! నూలు తెగితే ఇల్లంతా లేచి అరుస్తుంది మరి. బిడ్డ చిక్కిపోతే ఎవరికి పట్టింది?

నిన్న పోరుపెట్టి సిరిసిల్ల నుంచి కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పిల్లను చూసి, "ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతుందా?" అని అడిగింది. అనసూర్య బిత్తరపోయింది. ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికి తెలుస్తుంది? చెమట పరీక్ష చేయించాక డాక్టరమ్మ చెప్పింది:

"పుట్టుకతో వచ్చిన జబ్బమ్మా. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. మాన్పే మందు లేదు, తిండే బలం. ఇద్దరు పిల్లల తిండి ఈ ఒక్కదానికి పెట్టు. గుడ్లు, మాంసం, పప్పు. తిన్నప్పుడల్లా ఈ పొడి కలుపు, లేకుంటే అరగదు. ఉప్పంతా చెమటలో పోతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ వెయ్యాలి. ఉప్పు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది."

బస్సులో అనసూర్యకు కొండల్ గుర్తుకొచ్చాడు. మూడేళ్ల కిందట, ఇలాంటి రోహిణి ఎండల్లోనే పోయిన తొలిచూలు కొడుకు. వాడి ఒళ్లూ ఉప్పగానే ఉండేది. "నీ కడుపే మంచిది కాదు," అన్నారు ఇంట్లో. ఆమె నమ్మింది. వాడికి ఎనిమిది రోజులు చప్పిడి గంజి పోసింది తన చేతితోనే. పిచ్చి తండ్రి, ఉప్పు కోసం తన అరచేయి తానే నాక్కుంటుంటే, చీ అని ఆ చేతి మీద కొట్టింది కూడా. ఆ సంగతి తలచుకుని దారి పొడుగునా కుమిలి కుమిలి ఏడ్చింది.

ఇప్పుడు అత్త చూస్తుండగానే అన్నంలో పప్పు పోసి, గుడ్డు చిదిమి, పొడి కలిపి, ఉప్పు గట్టిగా వేసింది.

"ఏందే గది? పథ్యం తప్పితే పిల్ల సస్తది!"

అంబదాస్ మగ్గం ఆపి తొంగిచూశాడు. అనసూర్య బిడ్డ నోట్లో ముద్ద పెట్టింది.

"పథ్యం తప్పకపోతేనే కొండల్ సచ్చిండు అత్తమ్మా. మీరు చెప్పిండ్రు, నేను పెట్టిన. అందరం కల్సి సంపినం. గీ పిల్లను సంపనీకి మాత్రం నేను మీతోని కలువ."