ప్రయాణంలో ఉంటాను

మా ఊళ్లో అరవయ్యో పుట్టినరోజంటే జనం పిలవకుండానే వస్తారు. పూలు తెస్తారు, కాఫీ తాగుతారు, కేకు తింటారు. ఆ గొడవ వద్దనుకున్నవాళ్లు మా పత్రిక పుట్టినరోజుల పేజీలో తమ పేరు కింద ఒక్క ముక్క వేయిస్తారు: ‘ప్రయాణంలో ఉంటాను.’ ఇక ఆ రోజు ఎవరూ తలుపు కొట్టరు. అందులో సగం మంది కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే ఉంటారని నాకు తెలుసు. ఆ పేజీ చూసేది నేనే కదా.

ఈసారి నా పేరు కిందా అదే పెట్టుకున్నాను. ఇర్యా కెట్టునెన్, అరవై ఏళ్లు, ప్రయాణంలో ఉంటాను. వెళ్లేది ఎక్కడికీ లేదు. కానీ కేకు చేసుకుని కూర్చున్నాక ఒక్కరూ రాకపోతే? ఆ అవమానం కన్నా ఇదే నయం.

ఆ మధ్యాహ్నం కాలేజీ పిల్లలు ఆఫీసు చూడ్డానికి వచ్చారు. ఎడిటర్ వాళ్లను మందలా తోలుకొచ్చి, "ఈవిడ ఇర్యా. ఊళ్లో పెళ్లిళ్లూ చావులూ అన్నీ ఈవిడ చేతుల మీదుగానే!" అన్నాడు. పిల్లలు ఇకఇకలాడుతూ అచ్చు యంత్రం వైపు పరుగెత్తారు. నాకో నమస్కారం కూడా లేదు, మహానుభావులు! ఒక్క పిల్ల మాత్రం మిగిలిపోయింది. మాటలో ఎక్కడో ఉత్తరాన ఉన్న లాప్లాండ్ యాస. పేరు కిర్సి.

"నువ్వెళ్లవేం అమ్మాయ్? యంత్రం చూడవూ?"

"వాళ్లంతా జట్లు జట్లుగా ఉన్నారండీ," అంటూ బల్ల మీదున్న ఆ పేజీ ప్రూఫు చూసింది. "అరే, ఎల్లుండి మీ పుట్టినరోజా! ఎక్కడికెళ్తున్నారు?"

"స్టాక్‌హోంకి. ఓడలో." నోటికొచ్చింది అనేశాను.

"ఒక్కరేనా?"

"నీకెందుకే ఈ ఆరాలన్నీ?"

కసిరినా నొచ్చుకోలేదు. "పోయిన నెల నా పుట్టినరోజుకి నేనూ ఊరెళ్తున్నానని హాస్టల్లో చెప్పానండీ. లైటార్పేసి గదిలోనే కూర్చున్నా. వంటగదిలోంచి వాళ్ల నవ్వులు వినబడుతుంటే ఏడుపొచ్చేసింది."

నా గుండె కలుక్కుమంది. అయినా ఏమన్నాను? "పో పో, మీవాళ్లు వెళ్లిపోతున్నారు," అన్నాను. నా పేరు కింది ఆ ముక్క తీసేయడానికి ఇంకా సమయముంది. తీయలేదు.

పుట్టినరోజు నాడు కర్టెన్లు వేసేశాను. బుద్ధి లేక కేకు మాత్రం చేశాను. ఎదురింటి తైమికి వినబడుతుందని రేడియో పెట్టలేదు, కుళాయి తిప్పడానికీ భయమే. సొంత ఇంట్లో దొంగలా తిరిగాను. ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఎలా మోగుతుంది, ఊళ్లో లేనని నేనే అచ్చేయించుకున్నాను కదా.

మూడింటికేమో బెల్లు మోగింది. ఊపిరి బిగబట్టాను. తలుపుకున్న ఉత్తరాల కంత మూత లేచింది.

"ఇర్యా గారూ, కిర్సినండీ. ఆఫీసులో ఇల్లు అడిగి వచ్చాను. తెరవకపోయినా ఫరవాలేదు. ఆ రోజు హాస్టల్లో నేనూ తెరిచేదాన్ని కాదేమో. కానీ ఎవరైనా వచ్చి కొడితే బాగుండుననిపించింది. అందుకే కొట్టాను."

మూత పడింది. అడుగులు మెట్లు దిగసాగాయి. నేనింకా కుర్చీ పట్టుకునే నిలబడ్డాను. అడుగుల చప్పుడు సన్నగిల్లుతుంటే భరించలేకపోయాను. వెళ్లి తలుపు తీశాను.

సరిగ్గా అప్పుడే ఎదురు తలుపూ తెరుచుకుంది. చెత్త సంచీతో తైమి. నా ఏప్రన్, ఇంటి చెప్పులు పైనుంచి కిందికి చూసింది.

"అదేంటే ఇర్యా! నువ్వు ప్రయాణంలో ఉన్నావు కదా?"

సిగ్గుతో ముఖం మండిపోయింది. తలుపు మూసేద్దామనే అనుకున్నాను. కింది మెట్టు మీద కిర్సి ఆగి, ఒకే ఒక పువ్వు పట్టుకుని పైకి చూస్తోంది.

"ఇప్పుడే వచ్చాను," అన్నాను. "రండి ఇద్దరూ. కేకుంది."