కుంపటి వేడి

"ఇయ్యాల ఎంతమంది చేతులు పట్టుకున్నవ్?" అని మట్టయ్య అడగని సాయంత్రం లేదు. సాయమ్మ దవాఖాన నుంచి వచ్చి, తలమీదుగా నీళ్లు పోసుకుని, మైల పోయిందని అత్త ఒప్పుకున్నాక పొయ్యి ముట్టిస్తుంది. జొన్నరొట్టె పెనం మీద వేసేసరికి మొగుడి ప్రశ్న వచ్చి పడుతుంది. మొదట్లో నవ్వుతూ అడిగేవాడు, తనూ నవ్వేది. ఆర్నెల్లు గడిచేసరికి నవ్వు పోయి ప్రశ్న ఒక్కటే మిగిలింది. నాడి చూడటమంటే చేతులు పట్టుకోవడం కాదని చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. చెబితే ఇంకో మాట పడాలి. అందుకని రొట్టె తిరగేసేది.

సూర్యాపేట బజారు వెనక వీధిలో ఉన్న ఆ చిన్న దవాఖానలో ఆమె ఆయా. పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. ఉన్నది ఒక్క డాక్టరు. ఆయన సగం రోజులు మిర్యాలగూడలోనో కోదాడలోనో ఉంటాడు. ఆయన లేనప్పుడు దవాఖాన మొత్తం కాంపౌండరు మంగయ్యదే. మంగయ్య చెడ్డవాడేమీ కాదు, మందులు కలపడంలో చెయ్యి తిరిగినవాడు. కానీ పురుటి గది గడప మాత్రం దాటడు. ఇరవై ఒక్క రోజులు వెళ్లేదాకా బాలింతను ముట్టుకుంటే తనకు ఇంట్లో అన్నం పుట్టదట. అందుకని గుమ్మం బయట మేకుకు వేలాడే జేబు గడియారం చూస్తూ "ఊఁ" అంటాడు. లోపల సాయమ్మ మణికట్టు పట్టుకుని లెక్కపెడుతుంది. అర నిమిషానికి మళ్లీ "ఊఁ" అనగానే లెక్క చెబుతుంది, ఆయన దాన్ని రెట్టింపు చేసి కాగితం మీద రాసుకుంటాడు. థర్మామీటరు కూడా ఆమే పెట్టి, తెచ్చి ఆయన చేతికివ్వాలి. కాగితాలు చూసి డాక్టరు మెచ్చుకుంటే మంగయ్య వినయంగా తల వంచుకుంటాడు.

నాడి ఆమెకు ఎవరూ నేర్పలేదు. పుట్టినింట్లో గొర్రెల చెవి లోపల వేలు పెట్టి ఏది జబ్బుదో చెప్పిన పిల్ల ఆమె. జ్వరం పైకి తేలకముందే నాడి పరుగెత్తుతుందని, నెత్తురు పోయినవాళ్ల నాడి సన్నగా దారంలా తగులుతుందని తన మూడు వేళ్లతోనే తెలుసుకుంది. అత్తింట్లో ఎవరికి ఒళ్లు కాలినా ఆమె చెయ్యే కావాలి. ఆమెకు ఒళ్లు కాలిన రోజున మాత్రం పని ఎగ్గొట్టే సాకు అంది అత్త. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

ఆమెకు అంకెలు రాయడం వచ్చని కూడా దవాఖానలో ఎవరికీ తెలియదు. తల్లిగారి ఊరు నడిగూడెం పక్కన. రెండేళ్ల కింద అక్కడ దొరల మీద తిరగబడ్డ సంగపువాళ్లు బడి పెట్టి ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టారు. అంకెలు, తన పేరు, ఇంకొన్ని మాటలు వచ్చాయి. తర్వాత పోలీసులు ఆ బడికి పోయినవాళ్లను ఇల్లిల్లూ వెతికి క్యాంపుకు పట్టుకుపోయారు. ఆమె మేనబావ ఇప్పటికీ తిరిగి రాలేదు. మట్టయ్య ఆమె పలకను బావిలో వేసి, "నీకు ఏం రాదు. ఎవడడిగినా గదే మాట," అన్నాడు. అది భయంతో అన్న మాటేనని ఆమెకు తెలుసు. కానీ ఏమీ రానిదానిలా ఉండీ ఉండీ, ఒక్కోసారి నిజంగానే ఏమీ రాదేమో అనిపించేది.

నిడమనూరు నుంచి మైసయ్య అనే రైతు పెండ్లాం లచ్చమ్మను బండిలో తెచ్చారు. కష్టకాన్పు. ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు పొద్దున సాయమ్మ మణికట్టు పట్టుకోగానే ఉలిక్కిపడింది. అర నిమిషానికి అరవై నాలుగు. మంగయ్య విననట్టే ఎనభై అని రాశాడు. ఆమె మళ్లీ చెబితే, ఎండలో నీళ్లు మోసి వచ్చి నీ నాడే నువ్వు లెక్కపెట్టుకున్నావన్నాడు. బొటనవేలికీ నాడి ఉంటుంది, దానితో పట్టేవాళ్లు పడే పొరపాటు అది. తాను బొటనవేలు ఎప్పుడూ ఆనించదు. థర్మామీటరు నూట రెండు దగ్గర నిలిచింది. ఆయన దాన్ని చూసి తొంభై ఎనిమిదిన్నర వేశాడు.

"మంచం కింద కుంపటి ఉన్నది గదా. గా వేడి తీసేసి రాయాలె," అన్నాడు.

లచ్చమ్మ అత్త వెంకటనర్సమ్మ కూడా బాలింత ఒళ్లు వెచ్చగా ఉంటేనే మంచిదంది. సాయమ్మ కుంపటి ఎత్తుకుపోయి పెరట్లో పెట్టింది. కోడలికి వాతం కమ్ముతుందని వెంకటనర్సమ్మ శాపనార్థాలు పెట్టింది. గది చల్లబడింది. మంగయ్య భోజనానికి వెళ్లాక, గంట ఆగి ఆమె మళ్లీ చూసింది. గడియారాన్ని మేకు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అర నిమిషానికి అరవై ఆరు. జ్వరం నూట మూడు. ఊపిరి కుక్కపిల్ల రొప్పినట్టుంది. ఆ వేడి కుంపటిది కాదు.

డాక్టరు మిర్యాలగూడ నుంచి ఆ మధ్యాహ్నమే వస్తాడు. కాగితాలు చూసి, వెంటనే కోదాడ వెళ్లిపోతాడు. నోటితో చెబితే? పోయిన నెలలో ఇంకో బాలింత సంగతి చెప్పింది. ఆయన కాగితం చూసి, అందులో అలా లేదే అని వెళ్లిపోయాడు. పదో రోజున ఆ బాలింత మొగుడు తల్లి పోయిన పసిగుడ్డును ఎత్తుకుని పాలకోసం బజారంతా తిరుగుతూ కనబడ్డాడు. అంత జరిగినా తప్పు తనది కాదని తనకు తాను చెప్పుకుంది, ఎందుకంటే తనకు ఏమీ రాదు కదా. ఇప్పుడు పెన్సిలు ఎదురుగా ఉంది. వరండాలో క్యాంపు పోలీసులు ఇద్దరు కట్లు కట్టించుకోవడానికి కూర్చుని ఉన్నారు. మేనబావ గుర్తొచ్చాడు. లచ్చమ్మ పక్కన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సాయమ్మ ఎనభై కొట్టేసి నూట ముప్పై రెండు అని వేసింది. దాని పక్కన తొంభై ఎనిమిదిన్నర కొట్టేసి నూట మూడు వేసింది. తొందరలో మూడు వంకరపోయింది.

డాక్టరు కాగితం చూసి లోపలికి పరుగెత్తాడు. లచ్చమ్మ పొట్ట నొక్కి చూశాడు, కొత్తగా వచ్చిన పెన్సిలిన్ సూది వేశాడు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. అప్పటికి మంగయ్య భోజనం చేసి వచ్చి గడప బయట నిలబడ్డాడు. కాగితం దిద్దింది ఎవరని డాక్టరు అడిగాడు. మంగయ్య ఆ వంకర మూడును ఒక్క క్షణం చూశాడు.

"నేనే సాబ్. అనుమానమొచ్చి మళ్ల సూసిన."

సాయమ్మకు కోపం రాలేదు. ఆయన అబద్ధం కింద తను హాయిగా దాక్కోవచ్చు. లచ్చమ్మకు మందు పడింది, మట్టయ్యకు భయం తప్పింది, ఎవరూ ఏమీ అడగరు.

డాక్టరు సంచి సర్దుకుంటూ, గంటగంటకూ నాడి చూసి రాయమని మంగయ్యకు చెప్పాడు. "నూట నలభై దాటితే కోదాడకు మనిషిని పంపు. నువ్వు రాసేదాని మీదే ఈ బాలింత ప్రాణం ఉంది."

మంగయ్య అలాగేనని తల ఊపాడు. ఆయన చెప్పుల వైపు చూసింది సాయమ్మ. ఇంత జరిగినా అవి గడప అవతలే ఉన్నాయి. రాత్రంతా ఆ కాగితం మీద ఏ అంకె పడుతుందో ఆమెకు తెలుసు.

"గా అంకెలు నేను రాసినయి, సాబ్," అంది.

దానికి అక్షరం ముక్క రాదని మంగయ్య నవ్వబోయాడు. డాక్టరు నవ్వలేదు. ఆమె ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

వరండాలో పోలీసులిద్దరూ ఇటు తల తిప్పారు.

"సంగం బళ్లె," అంది సాయమ్మ, గొంతు తగ్గించకుండానే. "గంట కావస్తాంది, సాబ్. జర పక్కకు జరుగుండ్రి, నాడి సూడాలె."