తివాచీ కింద నేల

మేస్త్రీ గునపం భుజాన వేసుకుని మాస్టారి ఇంటికి బయలుదేరాడు. ఇచ్చిన మాట అలాంటిది. "మొదటి చలికాలంలో ముందుగది చల్లబడితే నేనే వచ్చి నేల తవ్వి మళ్ళీ వేస్తాను, కూలి అడగను" అని ఇల్లు అప్పగించిన రోజున నలుగురిలో అన్నాడు. ఇప్పుడు మాస్టారు కబురు పెట్టారు, పొద్దు వాలితే చాలు గదిలో పళ్ళు టకటకలాడుతున్నాయని.

ఆ నేలకు అతను అడుగు మందాన రాళ్ళు కూరి, పైన నల్లబండలు పరిచాడు. దక్షిణం వైపు నిలువెత్తు అద్దాల కిటికీ పెట్టాడు. చలికాలపు ఎండ వాలుగా లోపలికి వచ్చి బండల మీద పడుతుంది. పగలంతా అవి తాగిన వేడిని రాత్రికి మెల్లగా వదలాలి. ఇచ్చేవాడు రోజూ ఇస్తూనే ఉన్నాడు, మరి అదంతా ఎటు పోతోంది? దారి పొడుగునా మేస్త్రీ దేవుణ్ణి అదే అడుగుతూ వచ్చాడు.

గది మధ్యలో మాస్టారి అక్కగారు శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"రావయ్యా మేస్త్రీ. ఎండను దాచుకునే నేల అన్నావట. ఎక్కడ దాచిందో కాస్త అడిగి చెప్పు."

మేస్త్రీ ముందు పైకి చూశాడు. వేసవిలో వేడిగాలి పోవడానికి చూరు కింద పెట్టిన చిన్న కిటికీలు బిగించే ఉన్నాయి. అప్పుడు కిందికి చూశాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్ర తివాచీ, వేలెడు మందం.

"ఇదెప్పుడు వచ్చిందమ్మా?" అని లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారి భార్యను అడిగాడు.

"కొత్తింటికని మా వదినగారు తెచ్చారు." ఆవిడ గొంతు తగ్గించింది. "తీయమనకు నాయనా. దాన్ని చుడితే ఆవిడ నన్నూ చుట్టి మూల పెడతారు."

మేస్త్రీకి విషయం అర్థమైంది, చెప్పడమెలాగో అర్థం కాలేదు. గునపం గోడకు ఆనించి కిటికీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అక్కడ తివాచీ అందక జానెడు బండ ఖాళీగా ఉంది.

"పెద్దమ్మగారూ, ఒక్కసారి ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆవిడ వంగి పెట్టారు. గోరువెచ్చగా ఉంది. మేస్త్రీ తివాచీ అంచు ఎత్తి, "ఇప్పుడిక్కడ" అన్నాడు. ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది.

"అయితే నేరం నా తివాచీదంటావు."

"నేరమేముందమ్మా. గొడుగు వేసుకుని వానలో నిలబడితే ఒళ్ళు తడవదు. బండకు ఎండ తగలట్లేదు, అంతే."

"చుట్టి అటకెక్కించమను మరి."

మాస్టారి భార్య మేస్త్రీకి వద్దని సైగ చేసింది.

"అటకెందుకమ్మా, దానికి పెద్ద పనే ఉంది. పగలు ఎండ వచ్చిన దారే రాత్రి వేడి పోయే దారి. అద్దానికి మందమైన తెర కట్టమంటే మాస్టారు ఈ పల్చటి గుడ్డ కట్టారు. మీ తివాచీ ముందు అదెంత?"

ఆవిడ కిటికీ ఎత్తూ తివాచీ పొడుగూ చూపుతోనే కొలిచారు.

"అందరూ తొక్కుతున్నారని నాకూ మనసులో ఉంది," అన్నారు.

తెర కట్టిన తీగ తివాచీ బరువు మోయదు. మేస్త్రీ గోడకు రెండు కొక్కేలు దిగ్గొట్టి, వాటి మీద గునపం అడ్డంగా పెట్టి, తివాచీని మడతవేసి దాని మీద వేలాడదీశాడు. పొద్దున పక్కకు జరపాలి, పొద్దు వాలగానే లాగాలి.

మూడో రోజు సాయంత్రం అతను వచ్చేసరికి అక్కగారు మేజోళ్ళు విప్పి పాదాలు బండకు ఆనించి కూర్చున్నారు. శాలువా కుర్చీ వీపున ఉంది.

"నేల తవ్వమంటారా అమ్మా?"

"తవ్వి చూడు, కాళ్ళు విరగ్గొడతాను."

"పోనీ నా గునపం ఇప్పించండి."

ఆవిడ గునపానికి వేలాడుతున్న తివాచీ వైపు చూశారు.

"చలి పోయాక రా," అన్నారు.