సంతనాటి తేదీ

"రాజీ, గెలిచాం!" అని మావారు ముందుగదిలోంచి కేక పెట్టేసరికి నేను జంతికల గొట్టం తిప్పుతున్నాను. ఫోను వైజాగ్ నుంచి. సింగన్న కేసులో వినియోగదారుల ఫోరం తీర్పు ఇచ్చిందట.

పెళ్ళై పది నెలలైనా ఆయన "రాజీ" అని పిలిస్తే నాకింకా చిన్న గంతు వెయ్యాలనిపిస్తుంది. ఆ పూట మాత్రం కాళ్ళు కదల్లేదు. నూనెలో జంతిక మాడిపోయింది.

మావారు నానాజీ గారు నర్సీపట్నంలో లాయరు. లారీ గుద్దినా, ఆసుపత్రిలో వైద్యం వికటించినా జనం ఆయన దగ్గరికే వస్తారు. "విరిగిన ఎముకల ప్లీడరు" అని తోటి లాయర్లు ఏడిపిస్తారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల ఇష్టమే.

సింగన్నది కోటవురట్ల పక్క ఊరు. నిరుడు వేసవిలో జీడిచెట్టు మీంచి పడి మణికట్టు విరిగింది. మా ఊళ్ళో గణపతి డాక్టరు గారు సిమెంటు కట్టు వేశారు. మర్నాడు నొప్పి తట్టుకోలేక మళ్ళీ వస్తే, కట్టు విప్పి చూడకుండా మాత్రలిచ్చి పంపేశారు. నాలుగు రోజులకి చేతివేళ్ళు నల్లబడ్డాయి. వైజాగ్‌లో చెయ్యి తీసేశారు. కట్టు బిగువుగా వేసి పట్టించుకోలేదని మా కేసు. "దెబ్బ తగిలిన మూడు రోజులకి తీసుకొచ్చారు, అప్పటికే చెయ్యి పాడైంది" అని డాక్టరు గారి జవాబు. ఆ మాట ఆయన చీటీ మీద రాసుకోలేదు. మా అఫిడవిట్‌లో మాత్రం పడ్డ రోజూ, కట్టు వేసిన రోజూ ఒకటే అని ఉంది.

ఆ అఫిడవిట్ రాసింది నేను.

కాపురానికి వచ్చిన కొత్త. బీయే చదివి ఊరికే కూర్చోవడం ఎందుకని, కక్షిదారులు చెప్పేది నేను తెలుగులో రాస్తానన్నాను. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తారు. ఆఫీసు గదిలో ఒక్క మేకుకి ఐదేళ్ళ క్యాలెండర్లు వేలాడుతుంటాయి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు తేదీలు చెప్పరు. అమావాస్య ముందు, సంత మర్నాడు అంటారు. క్యాలెండరు తిప్పి తేదీ పట్టుకోవడం నా పని. అదొక ఆటలా ఉండేది నాకు.

సింగన్న భార్య రామాయమ్మ చాప మీద కూర్చుని శుభ్రంగానే చెప్పింది. "మా సంతనాడు పడ్డాడమ్మా. మీ సంతనాడు జీపులొత్తాయి కదా, అందులో ఏసుకొచ్చినాం."

నేను వైజాగ్ క్వార్టర్సులో పుట్టి పెరిగినదాన్ని. ఆదివారం ఎక్కడైనా ఆదివారమే అయినట్టు, సంత కూడా అన్ని ఊళ్ళకీ ఒకే రోజనుకున్నాను. రెండిటికీ ఒకే తేదీ వేశాను. మావారు చదివి వినిపిస్తే ఆవిడ "అవును బాబూ" అని వేలిముద్ర వేసింది. ఇంగ్లీషు నెలలో పద్నాలుగో తేదీ ఏ సంతో ఆవిడకేం తెలుసు?

శ్రావణంలో మా ఊరి సంతకి వంకాయల కోసం వెళ్తే, రామాయమ్మ గోనె పరుచుకుని జీడిపప్పు అమ్ముతోంది.

"మీ ఊరి సంత మానుకుని ఇక్కడికొచ్చావేం?" అన్నాను నవ్వుతూ.

"మానుకోడమేటమ్మా, మా సంతై మూడ్రోజులైపోనాది" అంది.

సంచీలో వంకాయలు ఒక్కసారిగా బరువెక్కాయి.

ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన కనకాంబరాల దండ తెచ్చి, గుమాస్తా జోగులు ముందే, "మా ఆవిడ రాసిందానికి వైజాగ్ సీనియరు గారే ముచ్చటపడ్డారు" అన్నారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో! రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు స్కూటరు మీద యలమంచిలి తీసుకెళ్ళారు. ఆ మర్నాడు ఇద్దరం కలిసి మామిడికాయ పప్పు మాడబెట్టి పడీపడీ నవ్వుకున్నాం. ప్రతి సంతోషమూ అయిపోయాక చెబుదామనుకున్నాను. సంతోషాలు అయిపోలేదు.

కబురందుకుని మధ్యాహ్నానికి రామాయమ్మ వచ్చింది. కొంగులో మూట కట్టిన జీడిపప్పు నా చేతిలో పెట్టి, ఆ చేతులే కళ్ళకద్దుకుంది.

"నీ సేతిరాత మంచిది తల్లీ."

నేను చేతులు లాక్కున్నాను. మావారు ఫోనులో ఉన్నారు. ఆవిడ నా దగ్గరికి జరిగి మెల్లిగా అడిగింది. "డాట్రుబాబు అబద్దమాడినాడని కోర్టోళ్ళు రాసారంట. జోగులుబాబు సెప్పినాడు. ఆయన ఏటి అబద్దమాడినాడమ్మా?"

"అవన్నీ కోర్టు మాటలు రామాయమ్మా" అన్నాను.

"కట్టు ఇప్పి సూడలేదు, అదే నా కోపం. అబద్దాలాడే మనిసి కాడు. మా సెల్లెలి పురుడు ఆయనే పోసాడు."

టీ ఇచ్చి పంపేశాను. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

మావారు జంతిక కొరుకుతూ, "ఏటలా ఉన్నావ్? గెలిచిన మొహమేనా అది? పద, సాయంత్రం సినిమాకెళ్దాం" అన్నారు.

"తేదీ తప్పండీ" అన్నాను.

"ఏ తేదీ?"

చెప్పాను. మేకు మీది నిరుటి క్యాలెండరు దించి, వాళ్ళ సంతా మన సంతా వేలితో చూపించాను. ఆయన జంతిక పళ్ళెంలో పెట్టేశారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"శ్రావణంలో."

నాలుగు నెలలు. ఆయన నోటితో లెక్క చెప్పలేదు గానీ నాకు వినపడింది. తిట్టినా బాగుండేది.

"కోర్టు వరండాలో గణపతి గారు నా చెయ్యి పట్టుకున్నారు" అన్నారు. "'నానాజీ, మూడ్రోజులు ఇంట్లో ఉంచుకుని తెచ్చారయ్యా' అన్నారు. అందరు డాక్టర్లూ ఇలాగే అంటారులే అని నవ్వాను నేను. నా తండ్రి వయసు మనిషి, అందరి ముందూ."

"నా తప్పేనండీ."

"సంతలు నాకు తెలుసు. పుట్టింది ఈ ఊళ్ళోనే. నీ తెలుగు రాతలో 'సంతనాడు' అన్న మాటే లేదు, తేదీలే ఉన్నాయి. అడగాల్సింది నేను. మురిసిపోయి అడగలేదు."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. నీళ్ళ గ్లాసు మాత్రం పక్కన పెట్టారు.

"ఇప్పుడు నిజం చెబితే సింగన్న ఓడిపోతాడా?" అన్నాను.

"ఓడిపోవచ్చు. మర్నాడు నొప్పంటే కట్టు విప్పకుండా పంపిన మాట నిజమే కదా, దాని మీద నిలబడతాం. నిలబడకపోతే పడతాం. కానీ వాళ్ళకి చెప్పకుండా ఫోరంకి వెళ్ళడానికి లేదు. కేసు మనది కాదు, ఒంటిచేత్తో ఉన్నవాడిది. వాళ్ళు సరేనంటేనే కొత్త అఫిడవిట్."

"వద్దంటే?"

"వద్దంటే వకాలత్ వదులుకుంటాను. ముందు అడగాలి కదా." లేచి, క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకున్నారు. "పొద్దున్న ఆరింటికి కోటవురట్ల బస్సుంది. బేగి లేచి తయారవ్వు. ఇద్దరం వెళ్దాం, మాట్లాడేది నువ్వే."