మీమూన్ కార్డు

హద్దూ కడుపు పట్టుకుని మెలికలు తిరగడం మొదలుపెట్టి రెండో రోజు. అయినా కొండ దిగనంటాడు. దిగితే రోడ్డు మీద పోలీసులుంటారు. వాళ్ళు గుర్తింపు కార్డు అడుగుతారు. అతనికి కార్డు లేదు. రీఫ్ కొండల్లో గంజాయిని కీఫ్ అంటారు, అతని ఊరంతా తాతల నాటి నుంచి పండించేది అదే. కార్డు కావాలంటే పోలీసు స్టేషనుకే వెళ్ళాలి. ఆ పంట కేసులో వారంటు ఉన్న కీఫ్ రైతు తన కాళ్ళతో తాను అక్కడికి వెళ్ళడమంటే, కోడి కత్తిపీటను వెతుక్కుంటూ పోవడమే.

"చస్తే నిన్ను మోసేది నేనే. లే ముందు!" అని అరిచింది భార్య యమ్నా.

చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. తన అన్న మీమూన్ కార్డు చూపించాలి. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ముఖం. మీమూన్ మీద ఏ కేసూ లేదు. ఎప్పుడో తన కార్డు తమ్ముడి చేతిలో పెట్టి, పోయిందని చెప్పి ఇంకోటి తీసుకున్నాడు. ఆ మంచివాడు పోయిన చలికాలంలో తెతువాన్ పట్నంలో కన్నుమూశాడు. ఇన్నేళ్ళూ హద్దూ ఇంటిని కాపాడింది మాత్రం ఆ కార్డే.

యమ్నా తమ్ముడు అల్లాల్ వ్యాను తెచ్చాడు. మలుపు మలుపుకీ హద్దూ మూలుగుతుంటే అల్లాల్ నోరు ఊరుకోలేదు.

"బావా, చట్టం మారింది. మన రైతు సంఘం పంటని మందుల కంపెనీ కొంటోంది. పాత కేసులన్నీ క్షమించామన్నారు. నీ పేరే చెప్పు."

"పిల్లి హజ్ చేసొచ్చిందంటే ఎలుక కలుగులోంచి వస్తుందట్రా? కార్డున్నోడికి చట్టం, లేనోడికి జీపు. నడుపు!"

యమ్నాకి ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఆమెకు కావలసింది చట్టం కాదు, డాక్టరు.

వంతెన దగ్గర అడ్డుకర్ర వేసి ఉంది. వ్యానులోకి ఓ పోలీసు తొంగి చూశాడు.

"ఎవరీయన?"

"మా ఆయన మీమూన్, అయ్యా. కడుపునొప్పి. తొందరగా పోనివ్వండి" అని కార్డు చేతిలో పెట్టింది.

పోలీసు చేతిలోని యంత్రంలో నంబరు కొట్టి, కళ్ళెత్తాడు.

"ఈయన చనిపోయినట్టుందే! శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా అమ్మా?"

చావును ఆఫీసులో రాయిస్తారన్న సంగతి యమ్నాకు తట్టనే లేదు. అల్లాల్ ఏదో అనబోతే కళ్ళతోనే నోరు నొక్కేసింది. నిజం చెబితే జైలు, అబద్ధం చెప్పినా జైలే. హద్దూ గోళ్ళు ఆమె మణికట్టులో దిగుతున్నాయి.

"బండి పక్కకు తియ్యి. ఆయన్ని దించండి."

దించితే మనిషి మళ్ళీ లేవడని ఆమెకు తెలుసు.

అప్పుడు హద్దూ నోరు తెరిచాడు. "నేను హద్దూని. ముహంద్ కొడుకుని. కీఫ్ రైతుని. పట్టుకుంటే పట్టుకో, ముందు ఈ నొప్పి తగ్గించు."

ఇరవై ఏళ్ళలో అతను పోలీసు ముందు తన పేరు చెప్పడం అదే మొదలు. యమ్నా బావురుమంది.

పోలీసు మళ్ళీ యంత్రం నొక్కి చాలాసేపు చూశాడు. "నీ మీద కేసేమీ లేదయ్యా. ఏడాది క్రితమే కొట్టేశారు. ఎందుకు దాక్కున్నావు ఇన్నాళ్ళూ?"

హద్దూ చెమటలు కారుతున్న తల ఎత్తాడు.

"పట్టుకోడానికైతే జీపేసుకుని గుమ్మం దాకా వచ్చేవాళ్ళు. వదిలేశామని చెప్పడానికి ఒక్కడూ కొండెక్కలేదు."

పోలీసు వెళ్ళి అడ్డుకర్ర ఎత్తాడు.